బీఈడీ మధ్యలో కాన్పు వస్తే: టీసీ తీసుకోకండి, అర్జీ ఇవ్వండి

ప్రశ్న: "నేను బీఈడీ రెండో సంవత్సరం. ఇప్పుడు ఐదో నెల. ఇంకో నెలన్నరలో ఇంటర్న్‌షిప్ మొదలవుతుంది. మా ప్రిన్సిపాల్ గారు 'నీకు హాజరు రాదమ్మా, టీసీ తీసుకుని తరవాత చూసుకో' అంటున్నారు. ఉద్యోగం చేసేవాళ్ళకి ఆరు నెలలు ఇస్తారు కదా, చదువుకునేవాళ్ళకి ఏమీ లేదా? బిడ్డ పుట్టాక కాలేజీకి ఎలా వెళ్ళాలో కూడా తెలియడం లేదు."

అమ్మా, మిగతాదంతా తరవాత, ముందు ఒక్క మాట. టీసీ మాత్రం తీసుకోకండి. ఎంత మంచిగా చెప్పినా, "నీ మేలు కోరే చెబుతున్నా" అన్నా తీసుకోకండి. టీసీ చేతికొస్తే ఎడ్‌సెట్‌లో, అదే బీఈడీ ప్రవేశ పరీక్షలో, కష్టపడి తెచ్చుకున్న సీటు పోతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుంది. రేపు అడగడానికి వెళ్తే "మీరు మా విద్యార్థే కాదు" అంటారు. రిజిస్టర్లో పేరు ఉన్నంత కాలమే మీకు అడిగే హక్కు.

నేను ఒక యూనివర్సిటీ అకడమిక్ సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. హాజరు తగ్గినవాళ్ళ ఫైళ్ళన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళేవి. అందులో ఒకటి ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయి. ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళింది, బిడ్డకి మూడో నెల వచ్చాక తిరిగొచ్చింది. అర్జీ వాళ్ళ నాన్న రాశాడు, రూళ్ళ కాగితం మీద. వెనక ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జిరాక్సు, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉంది. అర్జీ మీద తేదీ చూస్తే పరీక్ష ఫీజు గడువు దాటి నాలుగు రోజులు. నోటు ఫైల్లో రాసింది నేనే: "ముందస్తు అనుమతి లేదు. హాజరు 41 శాతం. నిబంధనలు అంగీకరించవు." పైన పచ్చ సిరాతో ఒక సంతకం పడింది, అంతే. ఆ రోజు వరండా బెంచీ మీద ఆ బిడ్డ ఏడుపు నా బల్ల దాకా వినిపిస్తూనే ఉంది.

తరవాతి ఏడాది దాదాపు అలాంటిదే ఇంకో ఫైలు వచ్చింది. ఆ అమ్మాయి మాత్రం వెళ్ళే ముందే అర్జీ ఇచ్చింది, దాని మీద కాలేజీ ఇన్‌వర్డ్ ముద్ర, అంటే కాగితం అందిందని వేసే ముద్ర ఉంది, నంబరుంది. ఆ ఫైలు మీద "ముందస్తు అనుమతి కోరలేదు" అని నేను రాయలేకపోయాను. కోరింది, కాలేజీ జవాబివ్వలేదు. తప్పు ఎవరిదన్న ప్రశ్న అప్పుడు అటు తిరిగింది, పరీక్ష రాయనిచ్చారు. నిబంధన రెండు ఫైళ్ళకీ ఒకటే. తేడా ఆ గుండ్రటి ముద్ర ఒక్కటి.

ఇక మీరడిగిన "ఆరు నెలలు" సంగతి. అది 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోది. 2017లో సవరించి మొదటి రెండు కాన్పులకి 26 వారాలు చేశారు, 2025 నవంబరు నుంచి ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. కానీ అది జీతం తీసుకునే ఉద్యోగినులకి. విద్యార్థినికి వర్తించదు. చాలామంది ఆ చట్టం పేరు రాసి అర్జీ పెడతారు, ఆఫీసులో ఆ ఒక్క లైను పట్టుకుని తిప్పి పంపేస్తారు. మీ అర్జీలో ఆ చట్టం ప్రస్తావనే వద్దు.

మీకు పనికొచ్చే కాగితం వేరే ఉంది. 2021 డిసెంబరు 14న యూజీసీ (యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) కార్యదర్శి అన్ని యూనివర్సిటీల వైస్ ఛాన్సలర్లకూ లేఖ రాశారు. పీహెచ్‌డీ వాళ్ళకి అప్పటికే 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. డిగ్రీ, పీజీ చదివే ఆడపిల్లలకి కూడా ప్రసూతి సెలవు మీద తగిన నియమాలు చేసుకోండి, హాజరులో సడలింపు ఇవ్వండి, పరీక్ష ఫారాల గడువు పొడిగించండి, అన్నది ఆ లేఖ సారాంశం. ఇందులో ఒక మెలిక ఉంది, దాచి లాభం లేదు. ఇన్ని రోజులు ఇవ్వాలి అని అందులో లేదు, నియమాలు చేసుకోమని చెప్పింది. కొన్ని చోట్ల చేసుకున్నారు. కేరళలో అయితే 2023 జనవరిలో ప్రభుత్వమే 18 ఏళ్ళు నిండిన విద్యార్థినులకి 60 రోజుల దాకా ప్రసూతి సెలవు ప్రకటించింది. చాలా చోట్ల మాత్రం ఆ లేఖ ఏదో ఒక ఫైల్లో పడుకుని ఉంటుంది. నేనూ అలాంటి ఫైళ్ళు చాలా కట్టాను లెండి.

మీ యూనివర్సిటీ ఏం చేసిందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "2021 డిసెంబరు 14 నాటి యూజీసీ లేఖ మీద మీ యూనివర్సిటీ తీసుకున్న చర్య, చేసిన నియమాల నకలు ఇవ్వండి" అని ఒక్క ప్రశ్న చాలు. జవాబు "నియమాలు లేవు" అని వచ్చినా మీకే మంచిది, అది వాళ్ళ చేతిరాతతో ఒప్పుకున్నట్టు.

ఇప్పుడు మీ బీఈడీ లెక్క. ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ కోర్సులకి నియమాలు పెట్టే జాతీయ మండలి) 2014 నిబంధనల ప్రకారం ఏడాదికి కనీసం 200 పనిదినాలు. తరగతులకి, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం. కోర్సు రెండేళ్ళదే అయినా చేరిన తేదీ నుంచి మూడేళ్ళ లోపు పూర్తి చేయొచ్చు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. అంటే మీ చేతిలో ఒక ఏడాది వెసులుబాటు ఎటూ ఉంది, దానికి టీసీ అక్కర్లేదు. అన్నీ ఎదురు తిరిగి ఈ సెమిస్టర్ పోయినా, కింది బ్యాచ్‌తో కలిసి పూర్తి చేసే దారి మిగిలే ఉంటుంది.

సడలింపు అంటే రెండు రకాలు. అందరూ కలిపేసేది ఇక్కడే. ఒకటి కండోనేషన్: తక్కువ పడిన శాతాన్ని ఫీజు కట్టించుకుని మన్నించడం. దానికి హద్దు ఉంటుంది. రెండోది సెలవు మంజూరు: ఆ రోజుల్ని లెక్కలోంచే తీసేయడం. తేడా చూడండి. సులువుగా ఉండటానికి సెమిస్టర్లో 100 రోజులు అనుకుందాం. మీరు 42 రోజులు రాలేదు, 58 రోజులు వచ్చారు. హాజరు 58 శాతం, ఏ కండోనేషనూ అంత లోతు నుంచి పైకి లాగదు. అదే 42లో 30 రోజులు ప్రసూతి సెలవుగా మంజూరై, మొత్తం పనిదినాల్లోంచి తీసేశారనుకోండి. 70 రోజులకి 58, అంటే 82 శాతం పైచిలుకు. గట్టెక్కారు. అందుకే అర్జీలో "హాజరు తక్కువైతే దయతో మన్నించగలరు" అని రాయకండి. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ప్రసూతి సెలవు మంజూరు చేసి, ఆ రోజులను హాజరు లెక్క నుంచి మినహాయించగలరు" అని రాయండి.

ఇదే ధోరణిలో ఒక తీర్పు కూడా ఉంది, అది మీకు బాగా దగ్గర. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది, రేణుక కేసు అంటారు. మీరట్‌లోని చౌధరీ చరణ్ సింగ్ యూనివర్సిటీలో ఎంఈడీ చదివే అమ్మాయి ప్రసూతి సెలవు అడిగితే యూనివర్సిటీ కుదరదంది. అదీ ఎన్‌సీటీఈ కోర్సే. కోర్టు ఆ తిరస్కరణని కొట్టేసి, థియరీ తరగతుల్లో 59 రోజుల సెలవు విషయం మళ్ళీ చూడమంది, ఆ సెలవు ఇచ్చాక 80 శాతం వస్తుంటే పరీక్ష రాయనివ్వమంది. చదువు హక్కూ, బిడ్డని కనే హక్కూ, ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని పౌరుల్ని బలవంతపెట్టకూడదన్నది ఆ తీర్పు తీసుకున్న వైఖరి. అంతకుముందు 2021లో అలహాబాద్ హైకోర్టు సౌమ్యా తివారీ కేసులో ఇంకొంచెం ముందుకెళ్ళింది. ఆమె ఇంజనీరింగ్ విద్యార్థిని, కాన్పు వల్ల పరీక్షలు పోయాయి. ఆమెకి మరో అవకాశం ఇవ్వమనడంతో పాటు, డిగ్రీ స్థాయి విద్యార్థినులకి ప్రసూతి సదుపాయాల మీద నాలుగు నెలల్లో నియమాలు చేయమని ఆ సాంకేతిక యూనివర్సిటీని ఆదేశించింది.

ఇవి వేరే హైకోర్టుల తీర్పులు. తెలంగాణ, ఆంధ్ర హైకోర్టులు వీటిని గౌరవంగా చూస్తాయి, కట్టుబడి తీరాలని లేదు. ఎదురు తీర్పులూ ఉన్నాయి. 2018లో అదే ఢిల్లీ హైకోర్టు అంకితా మీనా అనే లా విద్యార్థినికి కాదంది. లా కోర్సుకి బార్ కౌన్సిల్ పెట్టిన 70 శాతం హాజరులో ప్రసూతికి మినహాయింపు లేదని, అది వృత్తి విద్య అని చెప్పింది. కాబట్టి "కోర్టుకెళ్తే వచ్చేస్తుంది" అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ 2018కీ ఇప్పటికీ మధ్య యూజీసీ లేఖ ఉంది, రేణుక తీర్పు ఉంది. గాలి మీ వైపు తిరిగింది.

మీకు అసలు చిక్కు థియరీ కాదు, ఇంటర్న్‌షిప్. రేణుక తీర్పు మాట్లాడింది థియరీ తరగతుల గురించే. 90 శాతం ఉన్న ఇంటర్న్‌షిప్‌ని ఏ ప్రిన్సిపాలూ ఊరికే వదలరు, వదలమని అడగడం కూడా సబబు కాదు. రేపు పిల్లల ముందు నిలబడాల్సింది మీరే. ఇక్కడ మినహాయింపు అడక్కండి, సర్దుబాటు అడగండి. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు. మీరు చెప్పిన లెక్కన అది ఆరున్నర నెలకి మొదలవుతుంది. డాక్టరు సరేనంటే ఎనిమిది వారాలు కాన్పుకి ముందే చేసేయొచ్చు. మిగతా ఎనిమిది వారాలు కాన్పయ్యాక, బడులు నడిచే రోజుల్లో, అవసరమైతే కింది బ్యాచ్‌తో చేస్తానని రాసివ్వండి. ఇంకో చిన్న చిట్కా. డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు ద్వారా బడులు కేటాయించేటప్పుడే, జిల్లాలో మీకు దగ్గరగా, బస్సు మారాల్సిన పని లేని జిల్లా పరిషత్ హైస్కూలు అడగండి. జాబితా వెళ్ళాక మార్పించడం తలకు మించిన పని. వెళ్ళకముందు అయితే మీ కాలేజీ ఇన్‌ఛార్జి లెక్చరరు ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే అయిపోతుంది.

అర్జీ తెలుగులో రాసినా చెల్లుతుంది. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నేను బీఈడీ రెండో సంవత్సరం, హాల్ టికెట్ నంబరు ఇది. నేను గర్భవతిని, డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ ఇది. ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ప్రసూతి సెలవు మంజూరు చేసి, ఆ రోజులను హాజరు లెక్క నుంచి మినహాయించగలరు. మిగిలిన ఇంటర్న్‌షిప్ వారాలను కాన్పు తరవాత పూర్తి చేయడానికి అనుమతించగలరు. 2021 డిసెంబరు 14 నాటి యూజీసీ లేఖ ప్రకారం ఈ విజ్ఞప్తి చేస్తున్నాను. మీ స్థాయిలో వీలుకాకపోతే నా అర్జీని యూనివర్సిటీ రిజిస్ట్రార్ గారికి పంపి, ఆ నకలు నాకు ఇప్పించగలరు."

చివరి వాక్యం తీసేయకండి. సగం మంది ప్రిన్సిపాళ్ళకి ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, తమ అధికారంలో లేని దానికి సంతకం పెట్టి ఇరుక్కుంటామన్న భయం అంతే. ఆ బరువు పైకి పంపే దారి చూపిస్తే వాళ్ళే ముందుకొస్తారు. జతగా మీ తల్లీబిడ్డల కార్డు జిరాక్సు, స్కానింగ్ రిపోర్టు, డాక్టరు కాన్పు తేదీ రాసిచ్చిన చీటీ పెట్టండి. అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నప్పుడు ఇచ్చిన కార్డు ఎక్కడో పెట్టి మర్చిపోతారు, ప్రభుత్వ ముద్ర ఉన్న మొదటి సాక్ష్యం అదే. కాన్పయ్యాక డిశ్చార్జి కాగితం రంగు జిరాక్సు తీసి దాచుకోండి. ఆ మడతల జిరాక్సు నాకింకా గుర్తే.

పరీక్షల విషయంలో ఒక జాగ్రత్త. కాన్పు తేదీ పరీక్షల రోజుల్లోనే పడేలా ఉన్నా ఫీజు కట్టేయండి, హాల్ టికెట్ తీసుకోండి. పోయిన పేపర్లు సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. అసలు ఫీజే కట్టకపోతే, పోయింది పేపరా సెమిస్టరా అన్న తగువు మొదలవుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు విడిగా చూస్తారు. అందుకే సెలవు మంజూరు ఉత్తర్వు నకలు కాలేజీలో స్కాలర్‌షిప్ చూసే గుమస్తాకి కూడా ఇవ్వండి. ఆయనకి తెలియకపోతే హాజరు మిషన్ చెప్పిన శాతమే పంపేస్తాడు.

అర్జీకి జవాబు రాకపోయినా, కాదన్నా, అరవకండి, ఇంకో కాగితం పెట్టండి. యూజీసీ 2023 ఏప్రిల్లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల నిబంధనల ప్రకారం కాలేజీ, యూనివర్సిటీ స్థాయిలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఒక మహిళ ఉండి తీరాలి. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలన్నది లెక్క. ఆ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఫిర్యాదుల మీద అప్పీళ్ళు వినే అధికారికి, అప్పీలు. ఆయన 30 రోజుల్లో తేల్చాలి. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి నీరసం వస్తుంది, నిజమే. కానీ ఎక్కిన కాగితాలు ఉంటేనే హైకోర్టు రిట్‌కి బలం. దానికీ డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. పరీక్ష ఫీజు గడువుకి కనీసం నెల ముందు వెళ్ళండి. రేపు పరీక్ష అనగా ఇవాళ వచ్చే రిట్లని చూసి ఏ లాయరైనా తల పట్టుకుంటాడు.

బిడ్డ పుట్టాక ఎలాగన్నారు. ఇక్కడ నా దగ్గర గొప్ప మాటలు లేవు. పంచవర్ష ప్రణాళికలు నడిచిన రోజుల్లో యూజీసీ కాలేజీల్లో శిశు సంరక్షణ కేంద్రాలకి డబ్బిచ్చే పథకం పెట్టింది. దాదాపు మూడు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకి, ఉద్యోగులకే కాదు, విద్యార్థుల పిల్లలకీ. కానీ మామూలు బీఈడీ కాలేజీలో ఉయ్యాల వేసే గది కూడా దొరకదు. నా అనుభవంలో గట్టెక్కినవాళ్ళంతా అమ్మనో అత్తనో కాలేజీ ఊళ్ళో నాలుగు నెలలు గది తీసుకుని ఉంచినవాళ్ళే. మధ్యాహ్నం పాలివ్వడానికి వెళ్ళొస్తానని కూడా అర్జీలో ఒక వాక్యం రాసి, ఆ గంట అనుమతి తీసుకున్న అమ్మాయి ఒకరున్నారు. కాదనడానికి కారణం దొరక్క ప్రిన్సిపాల్ సంతకం పెట్టేశారు. చిన్నవి అడిగితే తరచుగా ఇస్తారు. కొన్ని అంగన్‌వాడీలని ఇప్పుడు 'పాల్నా' పథకం కింద ఆరు నెలలు దాటిన పిల్లలకి క్రెష్‌లుగా (పగలంతా పిల్లల్ని చూసుకునే చోట్లుగా) కూడా నడుపుతున్నారు, మీ దగ్గర ఉందేమో సూపర్‌వైజర్‌ని అడగండి. మొదటి కాన్పయితే, మీ రాష్ట్రంలో అమలవుతూ మీకు అర్హత ఉంటే, మాతృ వందన యోజన అనే కేంద్ర పథకం కింద 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి, దానికీ అంగన్‌వాడీ టీచరే దారి.

ఇదే ప్రశ్న వేరే కోర్సులవాళ్ళూ అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. పీహెచ్‌డీ వాళ్ళ పరిస్థితి అన్నిటికంటే మెరుగు. 2022 నిబంధనల్లో 240 రోజుల సెలవుతో పాటు గడువులో ఆడవాళ్ళకి రెండేళ్ళు అదనం, మొత్తం పదేళ్ళ దాకా. పెళ్ళయి ఊరు మారితే పరిశోధన డేటాని కొత్త యూనివర్సిటీకి తీసుకెళ్ళే వీలు కూడా రాశారు. పీజీ డాక్టర్లకి 2023 నిబంధనల్లో ప్రసూతి సెలవుతో పాటు మగవాళ్ళకి పితృత్వ సెలవు కూడా ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద బీటెక్ చదివేవాళ్ళు జాగ్రత్త: 75 శాతానికి తగ్గినా 65 దాకా కారణం చూపిస్తే కండోనేషన్ ఉంది, 65 కిందకి పడితే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వకుండా ఆపేస్తారు. ఆ గీత మీద ఉన్నవాళ్ళు ఈ సెలవు అర్జీ అస్సలు ఆలస్యం చేయకూడదు.

మీరు రేపు పొద్దున్నే చేయాల్సింది ఒకటే. అర్జీ రెండు కాపీలు తీసుకుని కాలేజీ ఆఫీసుకి వెళ్ళండి. ఒకటి వాళ్ళకి, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు. "ముద్రెందుకమ్మా, నేను చెబుతాగా" అంటారు. నవ్వి, అక్కడే నిలబడండి. మరీ వేయనంటే గొడవ పడకుండా బయటికొచ్చి అదే అర్జీని ప్రిన్సిపాల్ పేరుతో ఒకటి, రిజిస్ట్రార్ పేరుతో ఒకటి స్పీడ్ పోస్టు చేయండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. ఆ రసీదుల మీద సిరా నెలకే వెలిసిపోతుంది, ఇంటికి రాగానే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.